అమ్మ హాస్టల్ బకెట్టు

మా చిన్నప్పుడు... ఉరవకొండలో మా ఇంటికి పెద్దమ్మలు తెగ వచ్చేవాళ్లు. ఒకామెది ధర్మవరం, ఇంకొకామెది కదిరి... అమ్మకేమో తోడబుట్టినవాళ్లే లేరు.

"ఈళ్లంతా యాడి చుట్టాలు మే?" అని మా జేజి అడిగేది.

"హాస్టల్ చుట్టాలత్తా" అని అమ్మ ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పోసేది.

అనంతపురంలో అమ్మ చదివిన ఆడపిల్లల హాస్టల్లో అదొక పద్ధతి. నీళ్ల ట్యాంకరు వచ్చే చోట మనుషులు కాదు, బకెట్లు క్యూలో నిలబడేవి. ఏ బకెట్టుది ఏ చోటో అందరికీ తెలుసు. చదువైపోయి వెళ్లేటప్పుడు సీనియరు తన బకెట్టును ఒక జూనియరు చేతికిచ్చేది. దాంతోపాటు క్యూలో చోటూ వచ్చేది, చుట్టరికమూ వచ్చేది... ఇచ్చినామె అక్క, పుచ్చుకున్నామె చెల్లెలు. వాళ్ల పిల్లలకు పెద్దమ్మ, పిన్నమ్మ. కదిరి పెద్దమ్మ ధర్మవరం పెద్దమ్మకిచ్చింది, ఆమె మా అమ్మకిచ్చింది.

చిక్కల్లా ఒక్కటే... ఆ రేకు బకెట్టు మా ఇంట్లో అటక మీద ఉండేది. నాకు పెద్దమ్మలే గానీ పిన్నమ్మ లేదు.

అమ్మ చెల్లెలిగా అనుకున్నది నాగవేణి అని, యాడికి అనే ఊరి దగ్గర పల్లెటూరి పిల్ల. ఆ ఏడు వానల్లేక చెనక్కాయ పంట ఎండిపోతే, వాళ్ల నాయన వచ్చి చదువు మాన్పించి తీసుకుపోయాడట. చదువు మానేసిన పిల్లకు క్యూలో చోటెందుకని అమ్మ ఆమెకివ్వలేదు. ఇంకొకరికి ఇవ్వడానికి మనసొప్పలేదు.

ధర్మవరం పెద్దమ్మ వచ్చినప్పుడల్లా అడిగేది... "బకెట్టు ఎవురికిచ్చినావు మే?" అమ్మ కాఫీ నెపంతో వంటింట్లోకి పోయేది. "నాతోనే ఆగిపాయ" అని ఒకసారి నాతో అంది.

నేను అదే హాస్టల్లో చేరినప్పుడు బకెట్టు అటక దిగింది. "చెల్లెలు కుదిరితే ఇచ్చేసి రా" అని పంపింది అమ్మ. అప్పటికే అక్కడ కుళాయిలొచ్చాయి. జూనియర్లకు ఇవ్వబోతే, "మాకు ప్లాస్టిక్‌ది ఉండాది లేక్కా" అన్నారు. చదివినన్నాళ్లూ అందులో గుడ్డలు నానబెట్టుకుని, మళ్లీ ఇంటికే మోసుకొచ్చాను.

అమ్మ బూడిదేసి దాన్ని తోమింది. "నాగవేణి ఊరికి పోదాం పా" అంది.

మేం పోయేసరికి ఆమె వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. అమ్మను వెంటనే గుర్తుపట్టలేదు. బకెట్టును గుర్తుపట్టి లేచింది.

"చదువు మానేసినావని అప్పుడు నీకియ్యలేదు" అంది అమ్మ.

"చదువిడిసినా గానీ నిన్నిడిసినానా అక్కా? నీ కబురు కోసరం చూస్తానే ఉంటి."

అమ్మ ఏడ్చింది. మా తాత పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. పిన్నమ్మ మాత్రం తొణకలేదు. బోరింగు దగ్గర ఆ బకెట్టు నిండా నీళ్లు కొట్టుకొచ్చి, "ముందు కాళ్లు కడుక్కోండి" అంది.

ఇప్పుడు ఆ హాస్టల్లో గదిగదికీ నీళ్లు. మంచిదే... బకెట్లు మోసినవాళ్లకే తెలుసు ఆ బాధ. మా అమ్మాయి కూడా అక్కడే చదువుతోంది. పక్క గదిలో ఎవరుంటారే అంటే, తెలియదంటుంది.

మీ ఇళ్లల్లోనూ ఇలాంటి పెద్దమ్మలు, పిన్నమ్మలు ఉన్నారా? ఉంటే ముందు వాళ్ల ఊరికి ఒకసారి పోయి రండి... వాళ్ల సంగతులు ఇక్కడ తర్వాత రాయొచ్చు.