దీవిబల్లి మేష్టరు

మా గురువర్యులు, జంతుశాస్త్ర బోధకులు నారాయణప్ప మేష్టరు చిక్కబళ్ళాపురంలో దివంగతులయ్యారన్న దుర్వార్త, బాగేపల్లిలో నేను పాఠం చెబుతుండగా చెవిన పడింది. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

ఆయనది చింతామణి వర్తక కుటుంబం. బల్లి మీద పడితే ఇంటివారు తలస్నానానికి పరుగెత్తేవారు; ఈయన అదే బల్లిని అరచేతిలో పెట్టుకొని దాని కాలివేళ్ళు పరీక్షించేవారు. "ముందు చూడప్పా, మాట తరువాత" అన్నది మాకు ఆయన నిత్యోపదేశం.

దీవుల్లో కొబ్బరి వ్యాపారం చేసే ఆయన బావమరది శ్రీరాములు ఒకసారి సీసాల్లో బల్లులను పంపాడు. అక్కడి ఇళ్ళలో తిరిగే మామూలు దీవిబల్లి తోకమీద ముళ్ళ వరుసలుంటాయి. వీటి తోకలు నున్నగా ఉన్నాయి. తెగి మళ్ళీ మొలిచిన తోక నున్నగా ఉంటుందని మాకు నేర్పినవారే, అన్నిటికీ ఒకే తీరుండేసరికి, ఇది లోకమెరుగని జాతి అని నిశ్చయించారు. దానితో బెంగళూరులో పెద్ద ఉద్యోగం ఖాయమైనట్టే అయింది. చింతామణిలో బంధువులు సన్మానసభ తలపెట్టారు.

ఆ రోజు వేదిక వెనుక శ్రీరాములు గర్వంగా అన్నాడు: "పట్టుకుంటానే తోకలు ఊడిపోయినాయి బావా. తోకలేని సరుకు పంపితే మన అంగడి పరువేముంటాది? పురుగులేసి సాకి, తోకలు మొలిచినాకనే పంపినా."

మేష్టరు ముఖం పాలిపోయింది. ఆ మాట విన్నది మేం ముగ్గురమే, దాని అర్థం తెలిసింది ఇద్దరికే. బయట ఆయన పేరు పిలుస్తున్నారు.

"ఇప్పుడే యాల సార్? నిదానంగా చెప్పుకోవచ్చు" అన్నాను.

"నిదానిస్తే నోరు రాదప్పా" అని వేదికెక్కారు.

దండ వేయబోయిన చేతిని ఆపి, "ఇది కొత్త జాతి కాదు. మనుషులతోపాటు పడవలెక్కి దీవిదీవికీ పాకిన పాత బల్లే. పొరబడింది నేను" అన్నారు. ముందు వరుసలో కూర్చున్న ఆయన తండ్రి లేచి వెళ్ళిపోయారు. బావమరది పేరు మాత్రం మేష్టరు ఎత్తలేదు.

ఉద్యోగం చేజారింది. చిక్కబళ్ళాపురంలోని తన చిన్న గదిలోనే, ఆ పాత బల్లి ఏ దీవిలో ఉందో, ఏ దీవిలో లేదో గోడపటం మీద చుక్కలు పెడుతూ చివరిదాకా గడిపారు. "పాతదైతే ఏమప్పా, యాడికి ఎట్ల పోయిందో ఎవురికి తెల్సు?" అనేవారు.

ఏ బల్లికీ ఆయన పేరు లేదు. ఆ సత్యనిష్ఠకు నా సాష్టాంగ ప్రణామం. నిన్ననే నా పరిశోధన ఒకటి ముగించాను. చూసినవారంతా బాగుందన్నారు. నాకు భయంగా ఉంది. తప్పుంటే తప్పని నా ముఖాన చెప్పే మనిషి ఇక లేరు.