విన్నది విన్నట్టు రాసిన జులైదె

పేద్రా మాన్సా ఊళ్లో ఎవరు పొలం అమ్మినా, ఎవరు వీలునామా రాయించినా ఆ కాగితం జులైదె చేతి మీదుగా పోవాల్సిందే. పందొమ్మిదో ఏట నోటరీ ఆఫీసులో గుమాస్తాగా చేరింది. మొదట సిరా కలంతో లావుపాటి పుస్తకాల్లో రాసేది, తర్వాత టైపు మిషన్ మీద, ఆ తర్వాత కంప్యూటర్లో. పనిముట్లు మారాయి గానీ ఆవిడ పద్ధతి మారలేదు. చూసింది చూసినట్టు రాయాలి, అంతే.

వాట్సాప్ తగాదాలు కోర్టుకెక్కడం మొదలయ్యాక ఆఫీసుకు కొత్త పని వచ్చిపడింది. జనం ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్లు. అందులో ఉన్నది నోటరీ సమక్షంలో చూసి, విని, కాగితం మీద పెడితే కోర్టు దాన్ని నమ్ముతుంది. ఆ పనంతా జులైదె నెత్తిన పడింది. మొదటిసారి ఆవిడ రాసింది చదివి నోటరీ ఎవాండ్రో పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇదేంటమ్మా, 'పసుపుపచ్చని గుండ్రటి మొహం, రెండు కళ్లవెంట నీళ్లు, నోరు తెరిచి ఉంది' అని రాశావు? నవ్వుతున్న బొమ్మ అంటే సరిపోదూ?"

"నవ్వుతోందో ఏడుస్తోందో తేల్చడానికి నేనెవర్నయ్యా? అది జడ్జిగారి పని. నాకు కనబడింది నేను రాశాను."

ఒక మంగళవారం పొద్దున, ఆవుపాలు విరగ్గొట్టి జున్నుగడ్డలు చేసి అమ్మే ఒదీలియా ఆయాసపడుతూ ఆఫీసులోకి వచ్చింది. ఏప్రాన్ కూడా విప్పలేదు.

"వదినా, జెనేజియో నా కొంప ముంచాడు. ఊరి గ్రూపులో పెట్టాడు చూడు. నా జున్నులో పాలపొడి కలుపుతున్నానట!"

జెనేజియోదీ జున్ను వ్యాపారమే. ఆ ఏడాది జిల్లా పోటీలో మొదటి బహుమతి ఒదీలియాకు వచ్చింది, అతనికి రాలేదు. ఆ కడుపుమంట ఊరందరికీ తెలుసు. గ్రూపులో రెండు వందల మంది ఆ మాట విన్నారు. కానీ సగం ఊరు అతనికి చుట్టాలు, సాక్ష్యం చెప్పడానికి ఒక్కరూ ముందుకు రారు.

జులైదె కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ నంబరు, తేదీ, గంట, నిమిషం రాసుకుంది. నలభై సెకన్ల గొంతు సందేశాన్ని మొదటిసారి మాటల కోసం వింది. రెండోసారి వెనకాల వినబడే చప్పుళ్ల కోసం వింది.

"మాటలు రాస్తే చాలదా వదినా? ఎంతసేపు?"

"నువ్వు జున్ను తొందరపడి దింపుతావా? కూర్చో."

మూడోసారి సరిచూసుకుందామని వేలు పెట్టేసరికి సందేశం మాయమైంది. దాని చోట 'ఈ సందేశాన్ని తొలగించారు' అన్న బూడిదరంగు అక్షరాలు మిగిలాయి. ఒదీలియా లబోదిబోమంది. జులైదె గోడగడియారం చూసి ఇంకో వాక్యం చేర్చింది: 'పది గంటల నలభై రెండు నిమిషాలకు, నా కళ్లముందే, ఈ సందేశం చెరిగిపోయింది.'

ఒదీలియా దావా వేసిన రెండు నెలలకు జులైదెకు కోర్టు నుంచి పిలుపొచ్చింది. ఆ కాగితం అబద్ధమని జెనేజియో వకీలు వాదిస్తున్నాడట. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆవిడ రాతను అనుమానించినవాళ్లు లేరు. ఆ వారమంతా ఆవిడకు అన్నం సయించలేదు. చిక్కుడుగింజల కూర వండి, ముట్టకుండానే మూత పెట్టేసింది.

విచారణ కంప్యూటర్ తెర మీద జరిగింది. జడ్జిగారు ఒక చిన్న చతురస్రంలో, ఒదీలియా ఇంకోదాంట్లో, జెనేజియో తన వంటింటి బల్ల దగ్గర, పక్కన భార్య నాదిర్. జులైదె తెల్ల జాకెట్టు వేసుకుని ఆఫీసు గదిలో కూర్చుంది.

"నేనసలు వానల గురించి మాట్లాడానండీ," అన్నాడు జెనేజియో. "ఆ గొంతే నాది కాదు."

రెండు మాటలకూ పొంతన లేదని జడ్జిగారు రాసుకున్నారు. వకీలు వెంటనే అందుకున్నాడు. "ఒదీలియాగారు చెప్పింది ఈవిడ రాసిపెట్టారు, అంతే."

జులైదెకు భయం పోయి కోపం వచ్చింది. "చెబితే రాసేదాన్నైతే, పన్నెండో సెకనులో కుక్క రెండుసార్లు మొరిగిందని రాస్తానా అయ్యా? అది నాకెవరు చెబుతారు?"

జడ్జిగారు పేజీ తిప్పి పైకి చదివారు. "'ఇరవై ఆరో సెకను. కొంచెం దూరం నుంచి ఆడగొంతు: జెనేజియో, కాఫీ చల్లారిపోతోంది, ఆ ఫోన్ అవతల పారేసి రా.'"

నాదిర్ మొగుడి వైపు చూసింది.

"అది నేనే కదయ్యా! మూడుసార్లు పిలిస్తే గానీ వచ్చావా? మళ్లీ కాఫీ వేడి చేయలేక చచ్చాను." 

జడ్జిగారు మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు. వకీలు మైకు ఆపేసుకున్నాడు. జెనేజియో చెవులు ఎర్రబడ్డాయి. అతనే, "సరేనండీ, అన్నాను. బహుమతి రాలేదని ఉక్రోషంతో అన్నాను," అని తలొంచుకున్నాడు.

రాజీ కుదిరింది. అదే గ్రూపులో, అతని నోటితోనే క్షమాపణ చెప్పాలి, నెల రోజులు దాన్ని చెరపకూడదు. ఆ సాయంత్రమే చెప్పాడు. కాస్త గొణుగుడుగా ఉన్నా, ఒదీలియా జున్ను స్వచ్ఛమైన ఆవుపాలదేనని స్పష్టంగానే అన్నాడు. ఒదీలియా జున్నుగడ్డ పట్టుకొస్తే జులైదె తీసుకోలేదు. కేసు పూర్తిగా మూసేశాక మాత్రం ఇద్దరూ జామపండు హల్వా నంజుకుని దాన్ని సగం తినేశారు.

ఏడాది తిరక్కుండానే జెనేజియో ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరో పట్నంవాడు అతని జున్ను ఫొటో దొంగిలించి, తనదని ఇంటర్నెట్లో అమ్ముకుంటున్నాడట. కొత్తగా చేరిన గుమాస్తా తన బల్ల ముందున్న కుర్చీ చూపించబోయాడు.

"వద్దు నాయనా, నేను కాచుకుంటాను," అన్నాడు జెనేజియో టోపీ తీసి. "జులైదెగారే రాయాలి."

జులైదె కళ్లజోడు తుడుచుకుంది. "ఫోన్ ఇలా ఇవ్వు. ముందు తేదీ చూద్దాం."