అమ్మ చెప్పిన ఫిర్యాదు

మా అమ్మకు ఒక అలవాటు ఉంది. ఇంట్లో మగవాళ్ల మీద కోపం వస్తే వాళ్లను నేరుగా అనదు. కాస్త గద్దించగల బయటి మనిషిని చూసుకుని ఆయనకు ఫిర్యాదు చేస్తుంది. చిన్నప్పుడు తమ్ముడు బడి ఎగ్గొడితే పంతులుకు చెప్పేది. మా నాన్న, బాపు, దగ్గుతూ కూడా చుట్ట మానకపోతే, ఊళ్లో సూదులు వేసే డాక్టరుకు చెప్పేది. చెప్పేటప్పుడు ఉన్నదానికి నాలుగింతలు కలిపేది. ఉన్నది ఉన్నట్టు చెబితే గద్దించేవాడికి కోపం ఎట్లా వస్తుంది? ఇది మా అమ్మ ఒక్కదాని పద్ధతి కాదు. శామీర్‌పేట చెరువు మీద బతికే మా ఇళ్లలో ఆడవాళ్లందరూ ఇంతే. మొగుడు, కొడుకు తమ మాట వినరని వాళ్లకు తెలుసు. అందుకే వినిపించగల గొంతును అరువు తెచ్చుకుంటారు.

ఆ అలవాటే ఒక రోజు మా తమ్ముణ్ని కత్తి పట్టుకునేదాకా తీసుకుపోయింది.

తమ్ముడు చెరువులో చేపలు పడతాడు. అమ్మ, మరదలు రోడ్డు పక్కన అమ్ముతారు. నేను తూంకుంటలో బట్టలు కుడతాను. తమ్ముడికి ఆరోగ్య బీమా కట్టించింది ఆదివారం ఆదివారం మా దగ్గర చేపలు కొనే ఒక ఏజెంటు. తమ్ముడు ఒక్క ఏడాదీ కట్టడం తప్పలేదు. ఆ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బనియను జేబులో వేసుకుని తిరిగేవాడు. ఎవరికైనా జ్వరమంటే చాలు, తీసి చూపించేవాడు.

ఒక మధ్యాహ్నం వల గుంజుతూ కడుపు పట్టుకుని నీళ్లలోనే కూలబడ్డాడు. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాం. డ్యూటీ డాక్టరు ఏం తిన్నాడు, ఎప్పటినుంచి నొప్పి, మందు తాగుతాడా అని అడిగాడు. మా అమ్మకు అడగడమే చాలు. ఎదురుగా తెల్లకోటు ఉంది, గద్దించే గొంతు ఉంది.

"సారూ, మంచిగడిగినవ్. పొద్దుగాల లేస్తే తాగుడే. బువ్వ లేకున్న ఉంటడు గని తాగకుంట ఉండడు. నా మాట ఇంటలేడు. జర మీరన్న గట్టిగ బెదిరియ్యిండ్రి."

మంచం మీద మెలికలు తిరుగుతూనే తమ్ముడు, "అమ్మా, నీకు దండం బెడ్త, ఊకో," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వాడు తాగేది ఆదివారం కల్లు, ఏ దావత్‌లోనో ఒక సీసా. డాక్టరు తల ఊపి రాసుకున్నాడు.

స్కానింగులో అసలు సంగతి తేలింది. పిత్తాశయంలో రాళ్లున్నాయి. ఒకటి జారి దారికి అడ్డం పడి, లోపల క్లోమం వాచింది. ఆపరేషన్ అయింది, తమ్ముడు బతికాడు. బీమా కంపెనీ మాత్రం డబ్బు ఇవ్వనంది. ఫోనుకు ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. పాలసీ షరతుల ప్రకారం కుదరదని దాని అర్థం. ఏ షరతో లేదు. ఫోన్ చేస్తే ఒకసారి ఒక గొంతు, ఇంకోసారి ఇంకో గొంతు. అన్నీ మర్యాదగానే మాట్లాడేవి, ఒక్కటీ సంగతి చెప్పేది కాదు. మరదలి మెడలో ఉన్నది కుదువ పెట్టి తమ్ముణ్ని ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ రోజుల్లోనే దూరదేశంలో ఒక బీమా కంపెనీ పెద్దను ఎవరో తుపాకీతో కాల్చి చంపారన్న వార్త అందరి ఫోన్లలో తిరిగింది. కరీంనగర్ రోడ్డు మీది చాయ్ హోటల్లో తమ్ముడి దోస్తులు దాన్ని ఒకరికొకరు చూపించుకున్నారు. తమ్ముడి కోసం వెళ్లి నేను అక్కడే నిలబడ్డాను.

"మంచి పని జేసిండు," అన్నాడొకడు.

"మా మామకు గుండె ఆపరేషన్ అయితే గిట్లనే ఎగవెట్టిన్రు. గాళ్లకు భయం బుట్టాలె."

"మనకాడ గసొంటోడు ఒక్కడు లేడాయె."

అందరూ నవ్వారు. తమ్ముడు మాత్రం నవ్వలేదు. వీడియో అయిపోతే వేలితో మళ్లీ మొదటికి తెచ్చి చూశాడు.

వాళ్ల కోపం తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఏటా కట్టించుకుని, తీరా మనిషి మంచాన పడ్డాక ముఖం చాటేస్తే కోపం రాకపోతే వాడు మనిషే కాదు. కానీ నేను బడి మానేసిన నాటినుంచి శాఖా గ్రంథాలయంలో చదువుకున్నదాన్ని. ఆ పొడుగు బల్ల దగ్గరే పత్రికలు, రాజుల చరిత్రలు, తెలుగులో రాసిన చట్టాల పుస్తకాలు చదివాను. అక్కడ నాకు అబ్బినది ఒకటుంది. ఎవరైనా కాదన్నప్పుడు, ఎందుకు కాదన్నావని అడగాలి. మా తమ్ముణ్ని ఎందుకు కాదన్నారో మాకు ఇంకా తెలియదు. కారణం తెలియకుండా ఎవరి మీద చెయ్యెత్తుతాం?

రెండు రోజులు పోయాక, పొద్దున్నే మరదలు ఫోన్ చేసింది.

"వదినా, చేపలు కోసే పెద్ద కత్తి కనబడ్తలేదు. ఈన తెల్లంగి ఏసుకుని బీమా ఆఫీసుకు పోతనంటుండు."

కుడుతున్న జాకెట్టు అట్లాగే వదిలేసి రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. తమ్ముడి స్కూటర్ కనిపించగానే చెయ్యి అడ్డం పెట్టి వెనుక ఎక్కి కూర్చున్నాను.

"నువ్వెందుకక్కా?"

"నాకు గూడ పని ఉంది గా ఆఫీసుల."

ఆఫీసు ముందు దిగి, "డిక్కీ తాళం ఇయ్యి, సంచి పెడ్త," అన్నాను. వాడు నా ముఖం చూశాడు. డిక్కీలో కత్తి ఉందని నాకు తెలుసని వాడికి అర్థమైంది.

"అక్కా, అడ్డం రాకు."

"వస్తలేను. ముందుగాల నేను బోయి అడుగుత. నేనడిగినంక మేనేజరు చెప్పకుంటె, ఇగ నీ ఇష్టం."

ఆ మాట ఎంత ధైర్యంగా అన్నానో నాకే తెలుసు. ఆయన చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించే తీరిక లేదు. తమ్ముడు తాళం జేబులోనే ఉంచుకున్నాడు గానీ, డిక్కీ తెరవకుండా నా వెంట లోపలికి వచ్చాడు.

ఆఫీసు అద్దానికి పగులుంది. దాని మీద అడ్డంగా టేపు అంటించారు. మేనేజరు బల్లను వెనుక తలుపుకు దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు. మచ్చ బొల్లారం నుంచి రోజూ బస్సులో వస్తాడట, టిఫిన్ డబ్బా బల్ల మీదే ఉంది. తమ్ముడి ముఖం చూడగానే ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు.

"అమ్మా, ముందే చెప్తున్న. ఇచ్చుడు, ఇయ్యకపోవుడు నా చేతుల లేదు. మొన్న ఒకాయన అద్దం పలగ్గొట్టిండు. పైవాళ్లు అద్దానికి పైసలియ్యలే, ఆయనకు గూడ ఇయ్యలే."

"డబ్బులు తర్వాత, సారూ. ఎందుకు కాదన్నారో, ఏ మాట మీద కాదన్నారో అది చెప్పండి. తెలుసుకునే హక్కు మాకు ఉంది," అన్నాను. పుస్తకంలో చదివిన మాట పుస్తకం భాషలోనే వచ్చేసింది. తమ్ముడు కూడా నా వైపు వింతగా చూశాడు.

ఆయన కంప్యూటరులో వెతికాడు. దవాఖాన పంపిన కాగితాలు తెరుచుకున్నాయి. ఆయన ఇంగ్లీషులో చదువుతూ తెలుగు చేసి చెప్పాడు. "పేషెంటు రోజూ పొద్దున్నుంచే మద్యం తీసుకుంటడు. తిండి కన్న మద్యమే ఎక్కువ. చెప్పినవారు, పేషెంటు తల్లి."

తమ్ముడు కుర్చీ అంచుకు జరిగాడు.

"మద్యం వల్ల వచ్చిన జబ్బుకు పాలసీ వర్తించదు. గందుకే కాదన్నరు," అన్నాడాయన, ఇంకా వెనుక తలుపు వైపు చూస్తూనే.

తమ్ముడు లేచి బయటికి నడిచాడు. పగిలిన అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. స్కూటర్ దగ్గరికి పోయాడు. డిక్కీ తెరిచాడు. లోపలికి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వాడు డిక్కీ మూసి, అక్కడే దిమ్మె మీద కూలబడి తల పట్టుకున్నాడు.

నేను పోయి పక్కన కూర్చున్నాను. వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

"గీయన్ని పొడవాలంటే, ముందుగాల అమ్మను పొడవాలె గదక్కా."

కత్తి ఇల్లు చేరింది. వాడి కోపం మాత్రం ఇప్పుడు ఇంట్లోనే కూర్చుంది. అమ్మతో మాట మానేశాడు. అమ్మ వడ్డిస్తే లేచిపోయేవాడు. కంపెనీ వాడయితే ఎక్కడో ఉంటాడు, తిట్టుకుంటూ బతకవచ్చు. తల్లి అట్లా కాదు, రోజూ ఎదురుగానే ఉంటుంది. డబ్బు వచ్చినా రాకపోయినా ఈ మౌనం తెగకపోతే మా ఇల్లు ఇల్లుగా ఉండదని నాకు అనిపించింది. అందుకే రోడ్డు పక్కన చేపల గంప దగ్గర కూర్చుని అమ్మకు అంతా చెప్పాను.

"నేనా? నేనెప్పుడన్న గట్ల?" అంది మొదట. చేపకు పొలుసు తీస్తున్న చెయ్యి ఆగింది. "అన్న గని, డాక్టరు బెదిరిస్తడని అన్న. గాయన బెదిరియ్యనే లేదు గద!"

గంప మీద గోనె సంచి కప్పింది. చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"నడువ్ దవాఖానకు."

డాక్టరు ముందు కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది.

"సారూ, గుర్తువట్టినవా? నా కొడుకు మీద నేను ఫిర్యాదు జేస్తె నువ్వు బెదిరిస్తవనుకున్న. నువ్వేమో రాస్కుంటివి."

"అమ్మా, మీరు చెప్పిందే రాసిన. రాసుడు మా డ్యూటీ."

"మరి బెదిరిచ్చుడు ఎవని డ్యూటీ?"

డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. కానీ పాత కాగితాలు తెప్పించి శ్రద్ధగానే చూశాడు. "రాసింది చెరిపెయ్యను. అది తప్పు. కానీ ఈ జబ్బు వచ్చింది రాళ్ల వల్ల, స్కాన్‌లో ఉంది. లివరు మంచిగనే ఉంది, రోజూ తాగేటోని లక్షణాలు రిపోర్టుల లెవ్వు. అది నేను రాసిస్త," అన్నాడు. నేను కోరిందీ అంతే. మాకు కావలసింది అబద్ధం కాదు.

గ్రంథాలయంలో కిటికీ పక్క చోటు నాది. అక్కడ కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని కంపెనీకి ఉత్తరం రాశాను. వాళ్లు కదల్లేదు. కంపెనీ మాట వినకపోతే పైన తగాదా తీర్చే అధికారి ఒకరుంటారని, అక్కడ వకీలు అవసరం లేదని నేను చదివి ఉన్నాను. ఆయనకూ రాశాను. నా కుట్టుమిషను మీద ఫోను నిలబెట్టి, వీడియోలోనే విచారణకు కూర్చున్నాం. అమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. తమ్ముడు ఆమెకు దూరంగా, గుమ్మంలో నిలబడ్డాడు.

కంపెనీ మనిషి అదే మాట చదివాడు. అధికారి అమ్మను అడిగాడు: "రోజూ తాగుతాడని మీరే చెప్పారా?"

"చెప్పిన సారూ. దాపరికమెందుకు? మా ఇంటాయన చుట్ట తాగితే ఊపిరితిత్తులు కాలి బొగ్గయినయని గూడ చెప్పిన వెనుకట. ఆయన ఇయ్యాలటికి చెరువు కట్ట మీద ఉరుకుతుండు. మొగోళ్లు మా మాట ఇంటె గిట్ల ఎందుకు చెప్తం? నా కొడుకు పీనుగైతడేమో అన్న భయంతోటి చెప్పిన. గా భయాన్ని గిట్ల వాడుకుంటరా?"

నేను వెనక్కి తిరిగి చూసేసరికి, తమ్ముడు గుమ్మం దాటి లోపలికి వచ్చి ఆమె కుర్చీ వెనుక నిలబడి ఉన్నాడు. చెయ్యి ఆమె భుజం మీద ఉంది.

రాళ్ల వల్ల వచ్చిన జబ్బుకు డబ్బు ఇవ్వాల్సిందేనని తీర్పు వచ్చింది. మరదలి మెడలోది మెడలోకి చేరింది. చాయ్ హోటల్లో తమ్ముడి దోస్తులు నన్ను చూస్తే ఇప్పుడు తమ ఫోన్లు ముందుకు చాపుతున్నారు. వీడియో చూపించడానికి కాదు, తమకు వచ్చిన మెసేజులు చదివించుకోవడానికి. నేను ఒక్కొక్కటీ చదువుతాను. అందరికీ డబ్బు దొరకదని ముందే చెబుతాను. అడగకుండా మాత్రం ఎవరినీ వదలనివ్వను.

మొన్న తమ్ముణ్ని మళ్లీ చూపించడానికి దవాఖానకు పోయాం. డాక్టరు కాగితం తెరిచి, "మందు అలవాటు?" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. తమ్ముడే చెప్పాడు.

"ఆయితారం కల్లు, దావత్‌ల ఒక సీసా, సారూ. గంతే. రాస్కోండ్రి."

డాక్టరు రాసుకుని కలం మూశాడు. మూసేదాకా ఆగింది అమ్మ. ఆ తర్వాత కొంగు తీసి, బల్ల మీదికి వంగి మెల్లగా అంది:

"సారూ, కారం మస్తు తింటుండు. రాయకు గని, జర బెదిరియ్యి."