పొట్టేలుకి కట్టిన నాలుగు కాళ్ళు

ముదిగుబ్బ గొర్రెల సంతలో పెద్దమనుషులంతా పట్టపగలు పంచెలు ఎగ్గట్టి బెంచీల మీదికీ, ట్రాక్టర్ల మీదికీ, ఒకాయనైతే ఏకంగా తన భార్య భుజాల మీదికీ ఎక్కిన రోజు ఒకటుంది. దానికి కారకుడెవరని అక్కడ ఎవరినడిగినా నా పేరే చెబుతారు. చెప్పేముందు ఒక తిట్టు కూడా జోడిస్తారు. ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా తల్చుకుంటే ఒళ్ళు మండిపోతుంది. ముందు నా మీద, తర్వాత మస్తాన్ మీద, ఆ తర్వాత సాలెపురుగుల జాతి మొత్తం మీద.

అప్పటికి నేను డిగ్రీ ముగించాను. ఉద్యోగం రాలేదు. అందుకని సినిమా దర్శకుణ్ణయిపోయాను. ఆ కొలువు ఎవరూ ఇవ్వనక్కర్లేదు, మనమే తీసేసుకోవచ్చు. నా స్నేహితుడు మస్తాన్‌కి బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. వాడి దగ్గర మంచి కెమెరా ఉన్న ఫోను కూడా ఉంది. కాబట్టి వాడు కెమెరామన్. సినిమా విభాగాలన్నీ అలా రెండు నిమిషాల్లో భర్తీ అయిపోయాయి.

కథ నాదే. ఒక చిన్న ఊరు. వానల్లేవు. బోరు వేస్తారు, నీళ్ళు పడవు. ఇంకా లోతుకి వేస్తారు, పడవు. పంతం పట్టి పాతాళం దాకా వేస్తారు. అక్కణ్ణుంచి నీళ్ళకి బదులు విషపు సాలెపురుగులు బయల్దేరి ఊరి మీద పడతాయి. జనం భయపడాలి, మధ్యమధ్యలో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాలి. పేరు ‘ఎనిమిది కాళ్ళ యముడు’.

మా అమ్మకి కథ చెబితే ఆవిడ చేటలో శెనక్కాయలు చెరుగుతూ మొత్తం విని, "బోర్లో నీళ్ళు పడలేదంటే ఈ సీమలో ఎవురు నగుతార్రా?" అంది.

చాలా మంచి ప్రశ్న. నేను కోపంగా లేచి వెళ్ళిపోయాను. గొప్ప దర్శకులు ఇంట్లోవాళ్ళ మాట వినరు కదా.

మొదటి చిక్కు సాలెపురుగులతోనే వచ్చింది. మా ఇంటి దూలాల్లోంచి మంచివాటిని ఏరి తెచ్చి షూటింగు పెడితే, తెరమీద పెసరగింజకి కాళ్ళొచ్చినట్టు కనిపించాయి. ఊరిని మింగే యముడు అరచేతిలో తప్పిపోతుంటే ఎవడు భయపడతాడు? నేను తల పట్టుకున్నాను. మస్తాన్ కాసేపు ఆలోచించాడు. వాడు ఆలోచించడం మొదలుపెట్టినప్పుడే నేను పారిపోయి ఉండాల్సింది.

"మీ నాయన పొట్టేలు ఉండాది కదప్పా" అన్నాడు.

"అది సాలెపురుగు ఎట్లయితాదిరా?"

"సాలెపురుగుకి ఎన్ని కాళ్ళు?"

"ఎనిమిది."

"పొట్టేలుకి?"

"నాలుగు."

"సగం పని దేవుడే చేసి పెట్టినాడు. ఇంగ నాలుగు మనం కట్టుకుంటే సరిపాయె."

ఆ క్షణంలో వాణ్ణి కొట్టి ఉండాల్సింది. కౌగిలించుకున్నాను.

ఆ పొట్టేలు పేరు రాజు. మా నాయన దాన్ని జాతర కోసం మేపుతున్నాడు. నిజం చెప్పాలంటే మేపడం కాదు, గారాబం. ఇంట్లో నాకంటే ముందు దానికి కూడు. నాతో రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే, అందులో మూడు తిట్లు. దానితో మాత్రం గంటల తరబడి ఊరి సంగతులు చెప్పుకునేవాడు. అది కూడా అంతే, ఆయన గొంతు ఎక్కడ వినబడితే అక్కడికి చిన్నపిల్లాడిలా పరుగెత్తేది.

సంత రోజున నాయన కదిరికి పోతున్నానని చెప్పి పొద్దున్నే బయల్దేరాడు. మేము వెంటనే రంగంలోకి దిగాం. పాత సైకిల్ ట్యూబుల్లో శెనగపొట్టు కూరి నాలుగు కాళ్ళు చేశాం. రాజు మీద నల్ల గొంగడి కప్పి, ఆ కాళ్ళు చెరో పక్కా రెండేసి కట్టాం. నుదుటి మీద ఎర్ర సీసామూతలు అతికించాం, అవి కళ్ళు. అది నడుస్తుంటే ట్యూబులు పైకీ కిందికీ ఊగుతూ, చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉందంటే నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

సంతలో అయితే జనం ఊరికే దొరుకుతారు. ఒక మూలన, గోడ వారన, రాజుని తాడు పట్టి నాలుగడుగులు నడిపిస్తే వెనకాల జనం కనబడతారు, అంతే పని. అదీ మా పథకం. నేను తాడు పట్టుకున్నాను. మస్తాన్ ఫోను ఎత్తి, "యాక్షన్ అనప్పా" అన్నాడు.

నేను అనేలోపలే సంత మధ్యలోని టీ అంగడి దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది.

"అన్నా, ఒక టీ కొట్టు! చక్కెర జాస్తి!"

మా నాయన! కదిరి బస్సు రాలేదట. ఆ ఆలస్యానికి కారణమైనవాళ్ళ మీద కూడా నాకు ఇప్పటికీ కోపమే. ఆ గొంతు నేను గుర్తుపట్టేలోపు రాజు గుర్తుపట్టాడు. తాడు నా చేతిలోంచి తోలుతో సహా ఊడిపోయింది.

ఆ తర్వాత జరిగింది సినిమాల్లో కూడా చూసి ఉండరు. నల్లటి ఎనిమిది కాళ్ళ యముడు సంత నడిబొడ్డులోంచి దూసుకుపోయాడు. గొర్రెలు ఒక్కసారి బెదిరి నలుదిక్కులా చెదిరిపోయాయి. దడులు విరిగిపోయాయి. దుమ్ములో ఎవరికీ ఏమీ కనబడదు, అరుపులు తప్ప.

"ఎలుగొడ్డురా, ఎలుగొడ్డు!"

"ఎలుగొడ్డుకి అన్ని కాళ్ళు యాడుంటాయిరా?"

"అయితే దయ్యం!"

"దయ్యానికి కాళ్ళే ఉండవు గదప్పా!"

చూశారా, ప్రాణం మీదికొచ్చినా మావాళ్ళు వాదన వదలరు.

యముడు నేరుగా మా నాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన గ్లాసు విసిరికొట్టి బెంచీ ఎక్కాడు. బెంచీ ఒరిగింది. ఆయన దిగి పరుగెత్తాడు. వెనకాలే ప్రేమతో రాజు. టీ అంగడి చుట్టూ తిరుగుతూ, "చంపుతాండాదిరో! పట్టుకోండ్రో!" అని ఆయన. తన యజమాని ఎందుకు పరుగెత్తుతున్నాడో అర్థంకాక, "బే…" అని రాజు.

ఆ ‘బే’ వినగానే నాయన టక్కున ఆగాడు.

"ఇది మా రాజుగాని గొంతు గదా!"

వంగి గొంగడి ఎత్తి చూశాడు. సీసామూతలు పీకాడు. దాన్ని కావలించుకుని ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా లేచి, సంతంతా మారుమోగేలా నా పేరు పిలిచాడు.

"ఓబుళేసూ!"

ఆయన నా దగ్గరికి చేరేలోపలే ఇంకొకావిడ చేరింది. ఆవిడ పేరు మల్లక్క. తనకల్లు పక్కనుంచి గొర్రెలు తోలుకొచ్చింది. ఇప్పుడు ఆవిడ చేతిలో కట్టె ఉంది, గొర్రెలు లేవు. ఇదంతా సాలెపురుగుల సినిమా కోసమని ఈలోపే ఎవరో ఆవిడ చెవిన వేశారు.

"నీ సినిమాకి నిప్పు పెట్ట! నీ మొగానికి సాలెగూడు పట్ట! ఎనిమిది కాళ్ళు కావల్సొచ్చినాయారా నీకు? నీకుండే రెండూ విరగ్గొడతా, రా! అసలు కాళ్ళే లేకుండా తీద్దువు సినిమా!"

నేను డిగ్రీ చదివినవాణ్ణి కదా, నోరు ఊరుకుంటుందా? "అక్కా, ఇది కళ…" అన్నాను.

ఆ మాటతో ఆవిడ గొంతు తగ్గింది. తగ్గాకే నాకు భయమేసింది.

"కళనా? రెండేండ్లాయె సరైన వాన పడక. తుమ్మకాయలు ఏరి పెట్టి, నా కడుపు మాడ్చుకుని సాకినా వాటిని. ఇంగ మేపలేకనే ఈడికి తోలుకొచ్చినా. ఇప్పుడు యాడుండాయో, ఏ లారీ కింద పడినాయో. చెప్పు నాయనా, చదువుకున్నోనివి, చెప్పు."

చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నవ్వలేదు. మా నాయన ఎత్తిన చెయ్యి దించేసి, "కొట్టేది తర్వాత. ముందు అక్క గొర్రెల్ని తేపో" అన్నాడు.

సాయంత్రం దాకా వెతికాను. కొన్ని బస్టాండులో టైము చూసుకుంటున్న ప్రయాణికుల్లా నిలబడి దొరికాయి. కొన్ని మండలాఫీసు వరండాలో ఉన్నాయి, అక్కడ ఆ రోజు హాజరైంది అవే అని తర్వాత ఎవరో అన్నారు. ఒక్క పిల్ల మాత్రం దొరకలేదు. మల్లక్క కట్టె పక్కన పడేసి నేల మీద కూలబడింది. ఆవిడ తిట్టినా బాగుండుననిపించింది. మళ్ళీ వెళ్ళి ప్రతి అంగడీ తడిమితే, టైలరు దగ్గర గుడ్డముక్కల కుప్పలో హాయిగా నిద్రపోతూ కనిపించింది. ఎత్తుకొచ్చి ఇస్తే దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మెల్లిగా కాళ్ళూ చెవులూ తడిమి చూసి, ఏ గాయమూ లేదని నమ్మకం కుదిరాక, "నీ జిమ్మడ!" అని మొదలుపెట్టి మళ్ళీ మొదట్నించీ తిట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంతకీ మస్తాన్ ఎక్కడ? ట్రాక్టరు ట్రాలీలో పడుకుని ఉన్నాడు. "అంతా తీసినానప్పా!" అన్నాడు గర్వంగా. అంత నష్టంలోనూ నాలో దర్శకుడు లేచి కూర్చున్నాడు. ఫోను లాక్కుని చూశాను. కంగారులో వాడు కెమెరాని తనవైపు తిప్పుకున్నాడు. మొదట్నించీ చివరిదాకా వాడి ముక్కురంధ్రాలే. యముడు లేడు, సంత లేదు, మా నాయన పరుగు లేదు. రెండు రంధ్రాలు, వెనకాల మల్లక్క గొంతు. ఆ గొంతు మాత్రం అక్షరం పొల్లుపోకుండా పడింది.

ఆ రోజు నాయన వాయిదా వేసిన దెబ్బల్ని నేను మస్తాన్‌కి బదిలీ చేశాను. అక్కడితో కథ ముగిసిందనుకున్నాను.

కొన్నాళ్ళకి కదిరి బస్సులో కూర్చుని ఉంటే ముందు సీటాయన ఫోను మోగింది. "నీ సినిమాకి నిప్పు పెట్ట! నీ మొగానికి సాలెగూడు పట్ట!" నేను ఉలిక్కిపడి సీటు కిందికి దూరాను. వెనకాల ఇంకొకరిది మోగింది. ఆఖరికి కండక్టరు జేబులోంచి కూడా అదే. మస్తాన్ ఆ వీడియోలో తిట్లున్న ముక్కని కత్తిరించి, రిపేరుకొచ్చిన ప్రతి ఫోనులోనూ తన ముక్కు బొమ్మతో సహా రింగుటోనుగా ఎక్కించి పంపుతున్నాడు! నా సినిమా విడుదల కాలేదు. నేను తిన్న తిట్లు మాత్రం తాలూకా అంతా ఆడుతున్నాయి.

ఇది తెలిస్తే మల్లక్క నిజంగానే చంపుతుందని, సంత ఉన్నప్పుడల్లా నేను ఇల్లు కదలడం మానేశాను. ఆవిడే ఒకరోజు కట్టె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నేను తలుపు వెనక దాక్కున్నాను.

"బయటికి రారా. మా ఊర్లో అందురూ నా మాటలే పెట్టుకున్యారు. మా కోడలు కూడా పెట్టుకున్యాది, నేను ఎదురుగా ఉన్నెప్పుడు నోరెత్తదు గానీ!" అంది మల్లక్క. "రెండోది ఎప్పుడు తీస్తావ్? ఈ తూరి నా మొగం గూడా పడల్ల. ఆ మస్తాన్‌గాని ముక్కు చూడలేక సస్తాండాము."

నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. కథ రాసింది నేను, కాళ్ళు కట్టింది నేను, చేతి తోలు పోగొట్టుకుంది నేను. పేరొచ్చింది ఆవిడకీ, వాడి ముక్కుకీ!

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, తూర్పుకి తిరిగి ప్రమాణం చేస్తున్నాను. పొట్టేలుకి గానీ, మేకకి గానీ, దున్నపోతుకి గానీ దేవుడిచ్చిన కాళ్ళకి మించి ఇంకొక్క కాలు కూడా ఈ జన్మలో కట్టను. మస్తాన్‌కి మాత్రం, ఉన్నవాటిల్లో ఒకటి తగ్గించే విషయం ఆలోచిస్తున్నాను.