కమలమ్మ టీచర్ రాయించిన ప్లాను

జిరాక్స్ తీయించుకొచ్చిన రోమ్ నగరం మ్యాపు ఇంకా వేడిగానే ఉంది. మార్కాపురంలో మా పలకరాళ్ల ఎగుమతి ఆఫీసులో బల్లమీద పరిచి వంగి చూస్తుంటే ఆ కాగితం వాసన ముక్కుకు తగిలింది. వచ్చే నెల ఇటలీలో రాళ్ల ఎగ్జిబిషన్. అది గురువారంతో అయిపోతుంది. ఆ వెంటనే ఈస్టర్ సెలవులు, అక్కడ ఇక వ్యాపారం పనేమీ ఉండదు కాబట్టి తిరుగు విమానం ఎక్కేలోపు రోమ్‌లో మూడు రోజులు మావే. కొలోసియం, పాత రాజవీధులు, పెద్ద చర్చి, ఫౌంటెన్లు అంటూ రాసుకుపోతుంటే ఇరవై రెండు పేర్లయ్యాయి. అక్కడ పెన్ను ఆగింది. ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి వేడి కాగితాన్నే నా చేతిలో పెట్టిన కమలమ్మ టీచర్ గుర్తొచ్చారు.

ఆవిడ గిద్దలూరు హైస్కూల్లో మాకు సోషల్ చెప్పేవారు. పొట్టి మనిషి, వేగంగా నడిచేవారు. చంకలో మ్యాపు చుట్ట లేకుండా క్లాసులోకి రావడం నేను చూడలేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వరుసగా మూడు సెలవులొస్తే ఆడపిల్లలకు హైదరాబాద్ టూరు పెట్టారు. నగరం మ్యాపు జిరాక్స్ నాకిచ్చి, ఏ గంటకు ఎక్కడుండాలో నన్నే రాసుకురమ్మన్నారు. అప్పటికి నేను మార్కాపురం దాటి ఎరగను. సంబరంతో రెండు రోజులు అన్నం మీదికి ధ్యాస పోలేదు. పద్నాలుగు చోట్లు రాసి పట్టుకెళ్లాను.

"ఏందే ఇది? ఇన్ని చూడాలంటే బస్సు దిగే పనే లేదు, కిటికీలోంచి చూసి రావాల్సిందే" అన్నారు. కాగితం తిరిగి నాకిచ్చి, "చూడకుండా వస్తే నీకు ఏడుపొచ్చేది ఒక్కటి చెప్పు" అని అడిగారు.

"గోల్కొండ, టీచర్. కింద చప్పట్లు కొడితే కొండమీద వినపడతాదంట."

"అయితే ముందు అది రాయి. మిగతావి దాని చుట్టూ సర్దు."

ప్లాను కుదిరింది గానీ నాయన కుదరలేదు. ఆడపిల్లను అంత దూరం పంపేది లేదన్నాడు. ఆ ఆదివారం టీచర్ గిద్దలూరు పక్కనే ఉన్న మా ఊరొచ్చారు. బతిమాలతారనుకున్నాను. ఆవిడ ఆ పని చేయలేదు. "అన్నా, ఇది మీ పాప రాసిందే. మీరేం అడగాలో దాన్నే అడగండి" అని కాగితం నా చేతికిచ్చి మంచం మీద కూర్చున్నారు.

నాయనకు చదువు రాదు. ఒక్కొక్కటే అడిగాడు. ఎక్కడ దిగుతారు, ఎక్కడ పడుకుంటారు, ఎవరు తోడు. నిలబడి అన్నీ చెప్పాను. అంతసేపు నాయన నా మాట వినడం అదే మొదలు. చివరికి, "ఇన్ని రాసినావు, తినేది యాడనో రాయలేదే" అన్నాడు.

టీచర్ పకపకా నవ్వారు. "నేనూ చూసుకోలేదన్నా. రాసుకోవే, ఒంటిగంటకు భోజనం." నాయన కూడా నవ్వాడు. అంతే, నా ప్రయాణం ఖాయమైంది.

తీరా బయల్దేరాక దారిలో బస్సు చెడిపోయింది. ఉదయం చేరాల్సినవాళ్లం మధ్యాహ్నం మూడు దాటాక చేరాం. నా కాగితంలో సగం రోజు పోయింది. ముప్పైమంది ఆడపిల్లల మధ్య నిలబడి ఏడ్చేశాను. టీచర్ ఓదార్చలేదు. పెన్సిల్ ఇచ్చి, "పోయిన గంటలు పోయినాయి. ఉన్నవాటిని మళ్లీ పంచు" అన్నారు. బస్సు మెట్టు మీద కూర్చుని, ముక్కు తుడుచుకుంటూ, చార్మినార్ దగ్గర గాజుల బజారు పేరును కాగితం మీద కొట్టేశాను. పిల్లలంతా నామీద పడ్డారు. "ప్లాను దానిది. అది చెప్పినట్టు పోదాం" అన్నారు టీచర్.

పొద్దు వాలేవేళకు గోల్కొండ పైనున్నాం. టీచర్ కింద ద్వారం దగ్గరే ఆగి చప్పట్లు కొట్టారు. అంత ఎత్తున ఆ చప్పుడు స్పష్టంగా వినబడింది. గాజుల కోసం అలిగినవాళ్లు కూడా గంతులేశారు. నేను ప్రహరీ గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇంతమందిని ఇక్కడిదాకా తెచ్చింది నేనేనన్న సంగతి అప్పటికిగానీ బుర్రకెక్కలేదు.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. దేశం దాటి వెళ్లలేదు గానీ, రోమ్ పాఠం చెప్పేటప్పుడు మాత్రం నిన్ననే తిరిగొచ్చినట్టు చెప్పేవారు.

ఇవాళ నా జాబితా ఇరవై రెండు నుంచి ఐదుకు దిగింది. ఎక్కడైనా ఆలస్యమైతే పనికొస్తుందని ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా వదిలాను. సాయంత్రం ఓనరు ఇటలీ వెళ్లే మా నలుగుర్నీ పిలిచి, "భాష రాదు, ఊరు తెలీదు. ఆ మూడు రోజులు మీకు దారి చూపేదెవరు?" అని అడిగారు. మిగతా ముగ్గురు మగవాళ్లకన్నా ముందు నేను నా కాగితం బల్లమీద పెట్టాను.

"నేను చూపిస్తాను సార్" అన్నాను.