ఎస్తేరు తేవలసిన వాటా

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది. కోయంబత్తూరులో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ శాఖలో నేను క్రెడిట్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. ఇంటి అప్పు కోసం వచ్చిన దరఖాస్తులు చూసి, ఇవ్వవచ్చో లేదో రాయడం నా పని. అందులో సగం ఆఫీసులో జరుగుతుంది, సగం వాళ్ల ఇళ్లలో. ఇంటికి వెళ్లి, కూర్చుని, మాట్లాడి రావడాన్ని ఫీల్డ్ వెరిఫికేషన్ అంటాం. పోదనూరు వైపు దరఖాస్తులన్నీ అప్పట్లో నాకే వచ్చేవి.

ఈ పనిలో లేనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఇంటి ధర మొత్తం మేము ఇవ్వం. ఎక్కువ భాగం మేమిస్తే, మిగిలింది కొనేవాళ్లు తమ చేతినుంచి పెట్టాలి. దాన్ని మార్జిన్ మనీ అంటారు. సొంత డబ్బు పెట్టినవాళ్లు ఆ ఇంటిని అంత సులువుగా వదులుకోరని దాని వెనక ఆలోచన. కానీ ఆ సొంత డబ్బు కూడా ఎక్కడో అప్పు చేసి తెచ్చిందే అయితే, ఒక ఇంటిమీద రెండు అప్పులు కూర్చుంటాయి. మాకు కనిపించేది మాది ఒక్కటే.

ఎస్తేరు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. ఆమె భర్త జయరాజు కార్పొరేషన్‌లో చెత్త లారీ నడుపుతాడు, పర్మనెంటు ఉద్యోగం. రైల్వే కాలనీ వెనక వీధిలో రెండు గదుల ఇల్లు అమ్మకానికి వస్తే, కూడబెట్టుకున్నదంతా అడ్వాన్సుగా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నారు. నెలన్నరలో రిజిస్ట్రేషన్ కావాలి. ఆలోగా కాకపోతే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవలసిందే.

నేను వెళ్లింది వాళ్ల అద్దె ఇంటికి. భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. ముందు గదిలో ఒక మంచం, కుట్టుమిషను, గోడకు ఏసు పటం, మూలన బడికెళ్లే పాప పుస్తకాలు. నేను తమిళంలోనే మాట్లాడాను. ఆఫీసు పని మీద ఎక్కడికి వెళ్లినా అదే అలవాటు. మార్జిన్ మనీలో మిగతాది ఎలా తెస్తారని అడిగితే, నగలు కొన్ని అమ్ముతున్నామని, చీటీ ఒకటి చేతికి వస్తుందని ఎస్తేరు తమిళంలోనే జవాబిచ్చింది. తడుముకోలేదు. ముందే అనుకుని పెట్టుకున్న జవాబులాగా ఉంది.

ఆమె టీ కోసం లోపలికి వెళ్లింది. వంటింటికీ ముందు గదికీ మధ్య ఒక చీర తెర మాత్రమే ఉంది. లోపల ఆమె అత్తగారు, జయరాజు తల్లి, గొంతు తగ్గించకుండానే తెలుగులో అడిగింది.

"ఆ వట్టికారన్ సంగతి చెప్పేసినావా ఏమి?"

"లేదత్తా. నగలు అమ్ముతాండాము అనేసి చెప్పినా."

"వాడు శుక్రవారం దుడ్డు తెస్తాడు గదా. నూటికి పది అన్నాడంట. నెలకా, ఏడాదికా?"

"నెలకే. మెల్లగ మాట్లాడత్తా."

"ఆ మేడమ్‌కి మన మాట ఏమి తెలుస్తాది?"

వట్టికారన్ అంటే వడ్డీకి అప్పులిచ్చేవాడు. మా ఇంట్లో మాట్లాడేదీ వాళ్ల మాటే. మాది పళని దారిలో ఒక ఊరు. తరాలుగా అక్కడే వ్యవసాయం చేసుకుంటున్న తెలుగువాళ్లం. బడి తమిళంలో, ఇల్లు తెలుగులో. ఎవరూ వినకూడనివి మాట్లాడుకోవాలంటే బస్సుల్లో, సంతల్లో మేమూ తెలుగులోకి దిగేవాళ్లం. ఇప్పుడు తెర అవతల వాళ్లు అదే చేస్తున్నారు.

ఏమీ విననట్టు టీ తాగి వచ్చేయవచ్చు. లేదా ఆఫీసుకు వెళ్లి విన్నది రాసి దరఖాస్తు తిప్పేయవచ్చు. రెండూ వాళ్ల వెనక చేసేవే. ఎస్తేరు టీ తెచ్చి ఇచ్చాక తెలుగులో అన్నాను.

"అక్కా, నాకు తెలుగు తెలుసు. మా ఇంట్లో కూడా ఇదే మాట. లోపల మీరు అనుకున్నదంతా విన్నాను."

తెర పక్కకు లాగి అత్తగారు, ఆ అవ్వ, వచ్చింది. నన్ను కొత్తగా చూసినట్టు చూసి అడిగింది.

"మీది ఏ ఊరు అమ్మణ్ణి?"

ఊరి పేరు చెప్పాను. ఊరు చెబితే మేమెవరమో తెలిసిపోతుంది. అవ్వ కొంచెం వెనక్కి జరిగింది.

"ఆ పక్క తోటల్లోనే మా అమ్మ కూలి చేసింది," అంది. ఆ తోటల్లో కూలికి వచ్చినవాళ్లు మా పెద్దలతో మాట్లాడిందీ తెలుగే. కానీ వాకిట్లో ఎక్కడిదాకా రావాలో వాళ్లకూ తెలుసు, మావాళ్లకూ తెలుసు. ఒకే భాష అన్న ధైర్యంతో నోరు తెరిచాను గానీ, ఆ మాట వాళ్లకు ధైర్యం ఇవ్వలేదు.

ఎస్తేరు మాత్రం నా ఎదురుగా కూర్చుంది.

"విన్నారు గదా. ఇంక దాచేది ఏమి ఉండాది? వాడగకు ఇల్లు చూడను పోతే మొదట అడిగేది ఏమి పని చేస్తారు అనే. ఈయన కార్పొరేషన్ అంటే సరి అంటారు. కార్పొరేషన్‌లో ఏమి పని అంటారు. చెప్పినామంటే ఆ ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేసినాము అంటారు. ఈ ఇంటి ఓనరమ్మకు లారీ డ్రైవరు అని మాత్రం చెప్పినాము. పోయిన నెల ఎవరో చెప్పేసినారు ఏ లారీ అనేది. ఖాళీ చేయమంటాంది."

"మీ పాపకు తెలుసా?"

"దానికి తెలిసే ఇంత తొందర. అమ్మా, మనం సొంత ఇంట్లో ఉంటే నాన్న ఏమి పని చేస్తాడని ఎవరూ అడగరు గదా అనింది."

జయరాజు గుమ్మం దగ్గర నిలబడి నేలవైపు చూస్తున్నాడు.

మా పనిలో ఎఫ్.ఓ.ఐ.ఆర్. అని ఒక లెక్క ఉంది. ఇంటికి వచ్చే జీతంలో ప్రతి నెలా అప్పులకే పోయేది ఎంత అన్నది అందులో తేలుతుంది. సగం దాటితే మేము వెనక్కి తగ్గుతాం. మా కంతు మాత్రమే అయితే వాళ్లకు సులువుగా సరిపోతుంది. వడ్డీవాడికి కట్టేది కూడా కలిపితే బియ్యానికి కూడా మిగలదు. అదే చెప్పాను.

"రెండేళ్లు నోరు కట్టుకుని ఉంటే తీరిపోతాది మేడమ్," అంది ఎస్తేరు.

"ఆ రెండేళ్లలో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే? మీకు ఆ ఉద్యోగం పోతే?"

అవ్వ అందుకుంది.

"మీ అప్ప ఎట్ల పోయినాడో మేడమ్‌కి చెప్పు జయరాజూ. నువ్వు చెప్పవు, నేనే చెప్తా. నా మొగుడు కూతురి పెండ్లికి అని వట్టికి తెచ్చినాడు. కట్టలేక ఒకనాడు చెప్పకుండానే పోయినాడు. మదురైలో మాట్టుతావణి మార్కెట్టులో కూరగాయల మూటలు మోస్తా ఉన్నాడని ఎవరో చూసి చెప్పినారు. నేను పోయి చూస్తే, వెనక్కి వస్తే వాడు కొడతాడు, నువ్వు పో అన్నాడు. అక్కడే చచ్చిపోయినాడు. ఎస్తేరూ, నీకు ఇల్లు కావాల. సరి. ఆ ఇంట్లో ఉండేదానికి నా కొడుకు కావాల గదా?"

ఎస్తేరు కన్నీళ్లు తుడుచుకోలేదు, వాటిని కారనిచ్చింది.

వడ్డీ డబ్బుతో ఈ దరఖాస్తును నేను ముందుకు పంపలేనని చెప్పాను. అప్పుడే జయరాజును పీఎఫ్ గురించి అడిగాను. అది రిటైరయ్యాకే వస్తుందని అతను అనుకుంటున్నాడు. ఇల్లు కొనడానికి అందులోంచి కొంత తీసుకోవచ్చు. కానీ కార్పొరేషన్ ఆఫీసులో సంతకాలు కావడానికి నెలలు పడుతుంది. అమ్మేవాళ్లు గడువు పెంచితేనే ఆ దారి.

ఆఫీసులో మేనేజరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు, కానీ నెలాఖరు టార్గెట్ ఆయన మెడమీద ఉంది.

"నీకు తెలుగు రాకపోయుంటే ఈ ఫైలు పాస్ అయ్యేది గదమ్మా," అన్నాడు.

"అయ్యేది సార్. వచ్చే ఏడాది వాళ్లింటికి వసూలుకు మనిషిని పంపేది కూడా మీరే," అన్నాను. ఫైలు ఆగింది.

గడువు అడగడానికి ఎస్తేరు, అవ్వ కలిసి ఇల్లు అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లారు. వాళ్లు మూడు వారాలు ఇచ్చారు. పీఎఫ్ అప్పటికి రాలేదు. ఇల్లు ఇంకొకరికి అమ్మేశారు. అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చింది, అదీ రెండు దఫాలుగా.

ఆ సంగతి చెప్పడానికి ఎస్తేరు ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరు చేసింది సరే మేడమ్. అది నాకు తెలుసు. అయినా మీకు నండ్రి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు."

కృతజ్ఞతలేవీ చెప్పవద్దన్నాను. ఆమె వెళ్లిపోయాక చాలాసేపు ఇంకో ఫైలు ముట్టుకోలేకపోయాను. సరైన పనే చేశానన్న నమ్మకం ఉంది. కానీ ఆ నమ్మకం కోసం వాళ్లు పోగొట్టుకున్నంత నేనేమీ పోగొట్టుకోలేదు.

చర్చి కాంపౌండులో పాస్టరు ఇచ్చిన ఒక గదిలో ఏడాదికి పైగా నలుగురూ ఉన్నారు. పీఎఫ్ డబ్బు వచ్చాక ఇంకో ఇంటికి మళ్లీ మాకే దరఖాస్తు పెట్టారు. మిగతాది ఎస్తేరు తన నగలు బ్యాంకులో పెట్టి తెచ్చింది. తక్కువ వడ్డీ అయినా అదీ అప్పే. ఈసారి దాన్ని ఆమే మొదట చెప్పింది, మా లెక్కలో అదీ కలిపాము, సరిపోయింది. కొన్న ఇల్లు మొదటిదానికన్నా చిన్నది. మేడమెట్లు సగంలో ఆగిపోయి ఉన్నాయి. బస్సు దిగి చాలా దూరం నడవాలి.

గృహప్రవేశానికి పిలిచారు, వెళ్లాను. పాస్టరు ప్రార్థన అయ్యాక అవ్వ నన్ను లోపలికి తీసుకెళ్లి ఆకు వేసింది. వడ్డిస్తూ ఒక్కసారి ఆగి, నా ముఖంలోకి చూసింది. నేను తినడం మొదలుపెట్టాకే కూర గిన్నె అందుకుంది. ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేసి, ఎవరింట్లో భోంచేశానో అమ్మకు చెప్పాను. ఎందుకు తిన్నావని అమ్మ అడగలేదు. "ఇల్లు ఎట్ల ఉండాది?" అని అడిగింది. వెలుతురు బాగా వస్తుందని చెప్పాను.

అంతకుముందు వెరిఫికేషన్‌కు వెళితే, మార్జిన్ మనీ ఎక్కడిది అని అడిగి జవాబు రాసుకుని వచ్చేదాన్ని. ఆ ప్రశ్నకు జవాబులు అందరి దగ్గరా సిద్ధంగానే ఉంటాయి. ఎస్తేరు ఇంటికి వెళ్లి వచ్చినప్పటినుంచి దానికి ముందు ఇంకోటి అడుగుతున్నాను. ఎందుకింత తొందర అని. అధిక వడ్డీకి తెచ్చే మనిషి ఆశకొద్దీ తెస్తాడని మా పనిలో చాలామంది అనుకుంటారు. నేను చూసినంతవరకు ఎవరో వెనకనుంచి తరుముతుంటేనే తెస్తాడు. తరిమేది ఓనరు కావచ్చు, అన్నదమ్ములు కావచ్చు, బడిలో పిల్లలు అడిగే మాట కావచ్చు. అది తెలిస్తే వేరే దారి ఉందేమో వెతకవచ్చు. ఉండకపోవచ్చు కూడా.

కొందరు ఆ ప్రశ్నకు చిరాకు పడతారు, అప్పు ఇస్తారా లేదా అది చెప్పండి అంటారు. కొందరు తల వంచుకుంటారు. అలాంటివాళ్ల దగ్గర నేను పెన్ను మూసి, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, వాళ్లు మొదలుపెట్టేదాకా ఊరుకుంటాను.