అత్తయ్య గదిలోంచి వచ్చిన సిగ్నల్

ఇంటి నుంచి పనిచేసేవాళ్లందరూ తమ వైఫైని ఒకసారి పరిశీలించుకోవాలని, తెలియని ఫోన్లు, కంప్యూటర్లు కలిసి ఉంటే తీసేయాలని మా ఆఫీసు వాళ్లు చెప్పారు. ఆ మధ్యాహ్నం నేను రూటర్ యాప్ తెరిచాను. మా ఇంట్లో ఫోన్లన్నిటికీ నేనే పేర్లు పెట్టి ఉంచాను. వాటి మధ్య పేరు లేనిదొకటి కనిపించింది.

బోయిగూడలో గోడకు గోడ ఆనుకుని ఇళ్లుంటాయి కాబట్టి ముందు పక్కింటివాళ్లనే అనుమానించాను. కానీ దాని సిగ్నల్ చాలా బలంగా ఉంది. పక్కింటి నుంచైతే అంత బలంగా రాదు. మేడమీద బావగారి ఫోనుకే సగం గీతలు చూపిస్తుంది. అంటే ఆ వస్తువు కిందనే, రూటరున్న హాలుకి దగ్గర్లోనే ఉంది. నా భర్త ఆఫీసులో ఉన్నాడు. కింద ఉన్నది నేను, మా అత్తయ్య. ఆవిడ దగ్గర మీటల ఫోను తప్ప వేరే ఏమీ లేదని నా నమ్మకం.

దాన్ని ఆపేసి చూద్దామనుకున్నాను. ఎవరిదైతే వాళ్లే కదులుతారు.

ఆపిన కాసేపటికి అత్తయ్య గదిలోంచి పిలుపు వినిపించింది. హాల్లో, ఆవిడ గుమ్మానికి ఎదురుగానే కూర్చున్న నన్ను కాదు. మెట్లవైపు చూసి, మేడమీదున్న మా తోడికోడల్ని పిలిచింది.

"ఓ బిడ్డా, జెర కిందికి రా. ఆట ఆగిపోయింది."

నేను అక్క అని పిలిచే మా తోడికోడలు అత్తయ్యకు సొంత అన్న కూతురు. ఇద్దరిదీ ఒకే యాస, ఒకే నవ్వు. మావాళ్లది తెనాలి వైపు. నా చిన్నప్పుడే ఇక్కడికొచ్చి కార్ఖానా అనే పేటలో స్థిరపడ్డారు. నేను ప్రేమించి పెళ్లి చేసుకుని ఈ ఇంట్లోకి వచ్చాను. అత్తయ్యకు మందులు తెచ్చేదీ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదీ నేనే. ఏదైనా కబురు ముందుగా చేరేది మాత్రం మేడమీదికే.

అక్క చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చింది. నేనూ ఆమె వెనకే లోపలికి వెళ్లాను. మంచంమీద దిండుకి ఆనించి ఒక పాత ట్యాబ్ ఉంది. తెరమీద లూడో పలక.

"మా నాయినకు మోకాళ్ల నొప్పులు గదా, బొల్లారం నుంచి రాలేకపోతున్నడు. అందుకే ఇద్దరికీ ఈ ఆట నేర్పిన" అంది అక్క. "నా ట్యాబే, ఊకె పడి ఉండె."

"నాకు చెబితే నేనే పెట్టిచ్చేదాన్ని కదా అత్తయ్యా."

"నువ్వు పొద్దుగాల నుంచి మీటింగులల్లనే ఉంటవ్. నిన్నెందుకు పరేషాన్ చేసుడు అనుకున్న."

ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. కానీ ఇంటికొచ్చిన చుట్టాన్నే కదా మనం ఇబ్బంది పెట్టకూడదనుకునేది. అక్కని ఇబ్బంది పెట్టడానికి ఆవిడెప్పుడూ వెనకాడలేదు.

ఆపింది నేనేనని చెప్పి, మళ్లీ కలిపాను. అత్తయ్యకు కోపం రాలేదు. "అయితే నువ్వు సుత కూసో. నలుగురైతేనే మజా" అంది.

నేను పసుపు కాయలు తీసుకున్నాను. అక్కవి ఎర్రవి. బొల్లారం నుంచి పెద్దాయన పందెం వేసినప్పుడల్లా అత్తయ్య ఆయన్ని చిన్నపిల్లలా వెక్కిరిస్తూనే ఉంది. ఆడుతున్నంతసేపూ నా కళ్లు అక్క కాయల మీదే ఉన్నాయి. పండటానికి నాలుగు గళ్ల దూరంలో ఉన్న ఆమె కాయని నా కాయతో చంపేశాను. లోపల ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

"అయ్యో బిడ్డా, గింత దూరం తెచ్చుకుంటివి గదా" అంటూ అత్తయ్య అక్క వీపు నిమిరింది.

ఆ ఆట గెలిచింది నేనే. అయినా ఆ చెయ్యి నా వీపుమీద పడి ఉంటే బాగుండుననిపించింది.

ఇప్పుడు సెలవు రోజుల్లో నేనూ ఆడుతున్నాను. మిగతా రోజుల్లో నా మీటింగు అయిందో లేదో అని అత్తయ్య తలుపు దగ్గరికొచ్చి తొంగిచూసి పోతుంది. మొన్నోసారి నన్ను, ఇంటి పిల్లని పిలిచినంత చనువుగా, "ఓ పోరీ" అని పిలిచింది. అక్క అప్పుడు మేడమీదనే ఉంది. ఆ పిలుపు ఆమెకి వినబడిందా అని నేను మెట్లవైపు చూశాను.